లెక్కల రాని ఆరు గంటలు

భాగ్యమ్మకు నోరెక్కువ. ఈ మాట మియాపూర్‌ల ఆమె ఉండే గల్లీల ఎవర్నడిగినా చెప్తరు. పొద్దున నల్లా కాడ బిందె పెట్టినప్పుడు మొదలైతే, బస్సుల పక్క సీటామెతోని, దిగినంక గేటు కాడ సెక్యూరిటీతోని, లిఫ్టుల ఎవరూ లేకపోతే లిఫ్టుతోని గూడ మాట్లాడతది. "మనిషి పోయినా దీని నోరు ఇంకో మూణ్ణెల్లు బతుకుతది" అని పెనిమిటి ఐలయ్య ముప్పై ఏండ్ల సంది అంటనే ఉన్నడు. అసుంటి మనిషి మీద, యాభై మూడేండ్ల వయసుల, ఎవరూ అనుకోని నింద పడ్డది. భాగ్యమ్మ మాట్లాడదట. నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూసుంటదట. ఆమె మాట్లాడకపోవుడు వల్లనే ఒక పసిపిల్లకు మాటలు రాలేదట.

ఆ ముచ్చట ఆమె చెవిల వేసింది గేటు కాడి ఓదెలు. ఓదెలుది ఆమె పక్కూరే, జనగామ దిక్కు. ఎప్పుడూ ఆమె నంబరు ఫోన్‌ల కొట్టి లోపలికి పంపేటోడు, ఆ సోమవారం మాత్రం పక్కకు పిలిచిండు.

"భాగ్యక్కా, ఏమనుకోకు. మీ షారోన్ మేడం అపార్ట్‌మెంట్ గ్రూపుల పెట్టింది. మంచిగ మాట్లాడే ఆయా కావాల్నట. ఇప్పుడున్నామె పిల్లతోని మాట్లాడదు, అందుకే పాపకు మాట ఆలస్యమైందని రాసింది. మా సూపర్‌వైజర్ చదివి చూపిచ్చిండు."

"ఎవరు మాట్లాడరు?" అన్నది భాగ్యమ్మ.

"నువ్వేనట."

భాగ్యమ్మకు ఒక నిమిషం సమజ్ కాలే. సమజ్ అయినంక అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కొండాపూర్ అపార్ట్‌మెంట్ల అయిదు టవర్లు, ఆరొందల ఇండ్లు. ఒక ఇంటామె గ్రూపుల రాస్తే ఆరొందల ఇండ్లల్ల చదువుతరు. దొంగతనం చేసిందన్నా ఎక్కడో ఇంకో ఇల్లు దొరుకుతదేమో గని, పసిపిల్లను మూగదాన్ని చేసిందన్న ఆయాను ఎవరు పెట్టుకుంటరు? పని పోతే పోయె, ఇంకో పని చూసుకోవచ్చు. పేరు పోతే ఏడ తెచ్చుకుంటది?

అసలు ఆమె ఎవరో తెలిస్తేగని ఈ మాట ఎంత మండాల్నో తెల్వది. ఇరవై రెండేండ్ల కింద మొగుడూ పెండ్లాం ఊరిడిచి పట్నం వచ్చిండ్రు. ఐలయ్యది సెంట్రింగ్ పని. గచ్చిబౌలి, నానక్‌రాంగూడల ఇయ్యాల అద్దాలతోని మెరిసే బిల్డింగులు అప్పుడు ఉత్త ఇనుప సలాకలు. భాగ్యమ్మ గూడ తట్ట మోసింది. నడుము పట్టుకుపోయినంక మేస్త్రీ ఆమెను పిల్లల కాడ కూసోబెట్టిండు. కూలికొచ్చిన తల్లులు పిల్లల్ని రేకుల షెడ్డుల ఆమె ముంగట వదిలి పైకెక్కేటోళ్లు. పాలమూరు పిల్లలు, ఒడిశా పిల్లలు, బీహార్ పిల్లలు, ఒక్కోసారి పద్దెనిమిది మంది. షెడ్డుల బొమ్మ లేదు, పలక లేదు. ఉన్నదల్లా భాగ్యమ్మ నోరు. కాకిని చూపిచ్చి కాకి ముచ్చట, క్రేన్ చూపిచ్చి క్రేన్ ముచ్చట, సిమెంటు బస్తా మీద పండుకున్న పిల్లికి పెండ్లి. ఆర్నెల్లు తిరిగేసరికి ఒడిశా పోరడు పాలమూరు తిట్లు తిడుతుండె, పాలమూరు పోరి హిందీల కొట్లాడుతుండె. ఒక్క బీహార్ పిల్లకే మాట రాలే. దానికి చెవుడని మొదలు కనిపెట్టి దవాఖానకు పంపింది గూడ భాగ్యమ్మనే.

బిల్డింగులు లేచినంక కూలోళ్లు ఇంకో సైటుకు పోయిండ్రు. భాగ్యమ్మ అక్కడికి దగ్గర్లనే అపార్ట్‌మెంట్లల్ల ఆయాగా చేరింది. షారోన్ ఇంట్ల చేరి రెండేండ్లు కావస్తది. షారోన్‌ది తెనాలి, ఆమె భర్త ఆరోన్‌ది ఏలూరు. ఇద్దరూ ఐటీ ఆఫీసులల్ల పని. వాళ్ల బిడ్డ హన్నా పది నెలలప్పుడు భాగ్యమ్మ చేతికొచ్చింది. అబద్ధం ఎందుకాడాలె, మంచోళ్లే. ప్లేట్ వేరుగ పెట్టలే. "గారు" అనకుండ పిలవలే. క్రిస్మస్‌కు ఇంట్లోళ్లకు కొన్నసుంటి చీరనే ఆమెకూ కొన్నరు. మొదట్ల భాగ్యమ్మకు రోజూ పండుగనే. పిల్లను సంకనెత్తుకుని బాల్కనీల నిలబడి కింద పోయే ప్రతి బండి ముచ్చట చెప్పేది. ఏడాది దాటేసరికి హన్నా "బాగీ" అని పిలిచేది, "బువ్వ" అనేది, పావురం వస్తే "పో పో" అని చెయ్యి ఊపేది.

అటెన్క, పిల్లకు ఏడాదిన్నరప్పుడు, షారోన్‌కు ఫికర్ పట్టుకున్నది. బాచుపల్లిల ఉండే ఆమె దోస్తు కొడుకు రెండేండ్లకే రంగుల పేర్లు ఇంగ్లీషుల గడగడ చెప్తున్న వీడియో ఒకటి చూసింది. షారోన్ చదివింది తెలుగు మీడియం. ఇప్పటికీ ఆఫీసు మీటింగ్‌ల నోరు తెరిచే ముందు చెప్పేది కాయితం మీద రాసుకుంటది. "నేను పడిన సిగ్గు నా బిడ్డ పడకూడదండి" అని ఒకసారి కండ్లల్ల నీళ్లు పెట్టుకుని భాగ్యమ్మతోని అన్నది. ఆ బాధ భాగ్యమ్మకు అర్థమైంది. అర్థం కానిది తర్వాత జరిగింది.

ఆ ఇంట్ల స్క్రీన్ అంటే మస్తు భయం. టీవీ మీద ఎప్పుడూ దుప్పటి కప్పి ఉంటది. పిల్ల ముంగట ఫోన్ తియ్యొద్దు. కార్టూన్ రోజుకు అరగంట. అరగంట దాటంగనే టాబ్లెట్ తనంతట తాను బంద్ అయ్యేటట్టు ఆరోన్ పెట్టిండు. చుట్టాలొస్తే షారోన్ ఇదే గొప్పగ చెప్పుకునేది. ఇంత కట్టడి ఉన్న ఇంట్ల, అదే టాబ్లెట్ల, చదువు ఆటలు అని ఇంకో దుకాణం ఉన్నది. యాపిల్ బొమ్మ నొక్కితే చప్పట్లు, ఎర్ర బెలూన్ నొక్కితే నక్షత్రాలు. దానికి మాత్రం తాళం పెట్టలే. తల్లిదండ్రులు ఆఫీసుకు పోంగనే మొదలైతే పొద్దున రెండు గంటలు, పండి లేచినంక మళ్ల మాపు దాకా నాలుగు గంటలు. మొత్తం ఆరు.

భాగ్యమ్మ మొదటి వారంలనే అడిగింది. "మేడం, అరగంటే అంటిరి గదా. పిల్ల దినమంత దాన్నే చూడవట్టె."

"అది స్క్రీన్ కాదు భాగ్యమ్మగారూ, క్లాస్" అన్నది షారోన్. "అవి ఎడ్యుకేషనల్ గేమ్స్. స్క్రీన్ టైం లెక్కలోకి రావండి."

ఎవరి లెక్క? ఎవరు చేసిన లెక్క? అదే అద్దం, అదే వెలుగు, అవే కండ్లు. కార్టూన్ల కోతి ఎగిరితే పాడయ్యే పిల్ల, అదే కోతి ఎం ఫర్ మంకీ అని ఎగిరితే బాగుపడతదా? కల్లు కుండ మీద పాలు అని రాసి తాగితే నిషా ఎక్కదా? ఇదంతా భాగ్యమ్మ నోటి దాకా వచ్చింది. మింగింది.

అంతటితోని ఆగినా బాగుండు. ఇంకో నియమం పెట్టిండ్రు. పిల్ల ఇంగ్లీషు ఇంటున్నప్పుడు భాగ్యమ్మ మాట్లాడొద్దు. తెలుగు, అందుల ఆమె యాస, పిల్ల చెవిల పడితే తికమక అయితదట. హాల్ల గోడకు ఒక కెమెరా ఉన్నది, దాంట్ల చూడొచ్చు, దాంట్లకెళ్లి మాట్లాడొచ్చు. పొరపాటున "అగో బిడ్డా, వాన పడ్తుంది" అన్నదనుకో, ఎక్కడో ఆఫీసుల కూసున్న షారోన్ గొంతు గోడలకెళ్లి వచ్చేది: "భాగ్యమ్మగారూ, ప్లీజ్, డిస్టర్బ్ చేయకండి." గోడ మాట్లాడేది, టాబ్లెట్ మాట్లాడేది. మనిషి జన్మెత్తిన ఇద్దరూ నోరు మూసుకుని కూసునేది.

నోరున్నదానివి, ఎందుకు ఊకున్నవ్ అని ఐలయ్య తర్వాత అడిగిండు. ఏం చెప్తది? ఆ కంప్యూటర్లు చేసేటోళ్లే వాళ్లాయె, వాళ్లకు తెల్వదా అనుకున్నది. తన షెడ్డుల పిల్లలు మాటలైతే నేర్చిండ్రు గని, పెద్దగైనంక వాళ్లూ తట్టలే మోసిండ్రు. ఈ పిల్ల పెద్ద సదువులకు పోవాలంటే ఇదే తొవ్వనేమో అనుకున్నది. తన పనితనం మీద తనకు నమ్మకం పోయింది జిందగీల ఆ ఒక్కసారే. దానికి ఆమె ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటది.

రెండేండ్ల తొమ్మిది నెలలకు హన్నాకు ఇరవై ఆరు అక్షరాలు వచ్చు. "పర్పుల్" అంటది, టాబ్లెట్ల దొరసాని అన్నట్టే ముక్కుతోని. గని దూపయితే నీళ్లు అడగదు, గిలాస కాడ నిలబడి ఏడుస్తది. "బాగీ" పోయింది, "పో పో" పోయింది, అమ్మా అని పిలుసుడు అసలే లేదు. తల్లి మాపటికొచ్చి బిడ్డతోని ఇంగ్లీషులనే మాట్లాడాలని పట్టు పట్టేది. సిట్, ఈట్, నో అనేదాకా వచ్చేది. అటు మీద మాట దొరకక ఊకునేది.

ఒకనాడు అరటిపండు చేతికిస్తే హన్నా దాన్ని వేలుతోని పొడిచి చప్పట్ల కోసం చూసింది. ఇంకోనాడు భాగ్యమ్మ చెంప మీద వేలు పెట్టి నొక్కింది. ఒకసారి, రెండుసార్లు. ఏ సప్పుడూ రాకపోయేసరికి ఇంకో చెంప నొక్కింది. భాగ్యమ్మ కెమెరా దిక్కు చూసింది, పిల్ల దిక్కు చూసింది, కొంగు నోట్లె కుక్కుకున్నది. ఆనాడు ఇంటికి పోయి అన్నం ముట్టలే.

ఇంత చేసి, ఇప్పుడు గ్రూపుల రాసింది ఏంది? భాగ్యమ్మ మాట్లాడదని. ఓదెలు ఆ సంగతి చెప్పిన సోమవారం ఆమె పైకి పోయి ఏమీ అడగలే. అడిగితే నలుగురి ముంగట అడగాలె, నాలుగు గోడల నడుమ కాదు అనుకున్నది.

రెండు రోజులకే సమయం వచ్చింది. పిల్లల డాక్టరు రాసిచ్చిండని షారోన్ హన్నాను మాదాపూర్‌ల ఒక స్పీచ్ సెంటర్‌కు తీసుకుపోయింది. ఆరోన్‌కు ఆఫీసుల పని తెమల్లే. పిల్లను పట్టుకోను మీరు రండని భాగ్యమ్మను వెంట తోలుకపోయింది.

ఆ సెంటర్ల పిల్లలకు మాటలు నేర్పే ఆమె పేరు ప్రవళిక. ముప్పై ఏండ్లు గూడ ఉండయి. కింద చాప మీద కూసుని గంటసేపు హన్నాతోని ఆడింది. బంతి దాచింది, పేరు పెట్టి పిలిచింది, సబ్బు బుడగలు ఊదింది. పిలిస్తే హన్నా తిరిగి చూడలే. బుడగను వేలుతోని నొక్కి "పర్పుల్" అన్నది. ప్రవళిక లేచి టేబుల్ కాడ కూసుని ఫారం తీసింది.

"రోజుకు స్క్రీన్ టైం ఎంతండి?"

"అరగంట" అన్నది షారోన్. అబద్ధం చెప్తున్న మొహం కాదది. నమ్మే చెప్పింది. "అంతకుమించి ఒక్క నిమిషం కూడా ఇవ్వమండి."

"పగలు పాపతో ఎవరుంటారు?"

"ఈవిడే, మా ఆయా." షారోన్ గొంతు తగ్గించింది, రెండడుగుల దూరంల భాగ్యమ్మ లేనట్టు. "ప్రాబ్లమ్ అక్కడేనండి. ఈవిడ అస్సలు మాట్లాడరు. కెమెరాలో చూస్తూనే ఉంటాం. గంటలు గంటలు అలా కూర్చునే ఉంటారు."

ప్రవళిక పెన్ను కదిలింది. భాగ్యమ్మకు సదువు రాదు. తన మీద రాస్తున్న రాత ఏదో తెలుసుకోను సదువెందుకు.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అన్నది.

ప్రవళిక తలెత్తింది. "పాపను చూసుకునేవాళ్లు తక్కువ మాట్లాడతారు అని రాశానమ్మా."

"కొట్టెయ్యి."

"భాగ్యమ్మగారూ" అన్నది షారోన్.

"నువ్వాగు మేడం. పదిహేను నెలలు నేనాగిన, ఒక్క ఘడియ నువ్వాగు." భాగ్యమ్మ పిల్లను చాప మీద దించి నిలబడ్డది. "డాక్టరమ్మా, ఈ పిల్ల రోజుకు ఆరు గంటలు టాబ్లెట్ చూస్తది. పొద్దున రెండు, మాపటికి నాలుగు. అరగంట అన్నది కార్టూన్ ముచ్చట. కడమ అంతా సదువట, అందుకని లెక్కల రాదట. నేను నోరు తెరిస్తే గోడల కెమెరా వద్దంటది. నా యాస పిల్లకు అంటుకుంటదట. అంటుకుంటే అంటుకుంటుండె! యాసతోనన్న నీళ్లు అడుగుతుండె గదా ఇప్పుడు. పద్దెనిమిది మంది పిల్లలకు మాటలు నేర్పిన నోరిది. దీన్ని మీరే కుట్టేసి, ఇది తెరవదని నన్నే అంటరా? సోమరిది అనుండ్రి, పడత. దొంగ అనుండ్రి, అదీ పడత. పిల్లకు మాట రాకుంట చేసినని రాస్తే మాత్రం పడ. కాయితం మీద గా మాట ఉండంగ నేనిక్కడికెళ్లి కదల."

బయట కూసున్న తల్లులు గూడ తొంగి చూసిండ్రు. షారోన్ మొహం కందిపోయింది. ప్రవళిక పెన్ను కింద పెట్టి ఆమె దిక్కు తిరిగింది.

"నిజమేనా మేడం? ఆరు గంటలా?"

"అవి ఎడ్యుకేషనల్ అండి. ఫోనిక్స్, షేప్స్, కలర్స్... పిల్లల నిపుణులు తయారుచేశారని యాప్‌లోనే రాసి ఉంది."

"అమ్ముకునేవాళ్లు అలాగే రాసుకుంటారు మేడం. ఈ వయసులో ఆటైనా కార్టూనైనా స్క్రీన్ స్క్రీనే. పక్కన మనిషి కూర్చుని, చూపిస్తూ మాట్లాడుతూ కాసేపు ఆడిస్తే కొంత నయం. మాట్లాడే మనిషి లేకుండా ఆరు గంటలంటే ఆరూ లెక్కలోకే వస్తాయి." ప్రవళిక గొంతు పెంచలే, గని మాట నాననియ్యలే. "పాపకు మాట ఆగడానికి ఇదొక్కటే కారణమని ఇవాళే చెప్పను. చెవుల పరీక్ష చేయించాలి, ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. కానీ మాట మనిషి నుంచి మనిషికే వస్తుంది. పాప చూస్తే, చెయ్యి చాపితే, తిరిగి ఒకరు పలకాలి. మీ ఇంట్లో పలికే మనిషి ఉంది. ఆమెను పలకనివ్వలేదు."

షారోన్ పిల్ల దిక్కు చూసింది. హన్నా చాప మీది గీతలను ఒక్కొక్కటే వేలుతోని నొక్కుతున్నది.

"నేనే వద్దన్నాను" అన్నది. "అలాగే రాయండి."

ప్రవళిక గీత కొట్టింది. భాగ్యమ్మ టేబుల్ మీదికి వంగింది. "ఏడ కొట్టినవ్, సూపియ్యి." చూసింది. "ఇంకో గీత కొట్టు" అన్నది. ప్రవళిక నవ్వు ఆపుకుని ఇంకో గీత కొట్టింది.

కిందికొచ్చి క్యాబ్ కోసం నిలబడ్డప్పుడు భాగ్యమ్మ మళ్ల మాట ఎత్తుకున్నది. "గ్రూపుల రాసిన సంగతి గూడ నాకెరుకే. దానికేం చెప్తవ్?"

షారోన్ ఎవరు చెప్పిండ్రని అడగలే. ఫోన్ తీసింది, రాసింది, చెరిపింది, మళ్ల రాసింది. "చదువుతాను, వినండి. మా ఆయా తప్పేమీ లేదు. పాపతో మాట్లాడొద్దని ఆమెకు మేమే చెప్పాం." భాగ్యమ్మ ఇంకోసారి చదివిచ్చుకున్నది. పంపిందా లేదా అని అడిగి, పంపినంకనే క్యాబ్ ఎక్కింది. పేరు దక్కింది గని కడుపుల మంట ఇంకా అట్లనే ఉన్నది. పదిహేను నెలలు ఎవరు తెచ్చిస్తరు ఈ పిల్లకు?

కొత్తగూడ కాడ బండ్లు ఆగిపోయినయ్. ఎండకు, ఆకలికి హన్నా ఏడుపు లంకించుకున్నది. కాళ్లు కొట్టుకుంటున్నది. షారోన్ చెయ్యి బ్యాగుల పడ్డది, టాబ్లెట్ బయటికొచ్చింది. ఆమె అనుకుని తీసినట్టు గూడ లేదు. ఎర్ర యాపిల్ వెలిగింది. భాగ్యమ్మ తన అరచెయ్యి ఆ అద్దం మీద పెట్టింది.

"ఇప్పుడే గదా చెప్పిచ్చుకుని వస్తిమి."

"ఏడుస్తుందండి."

"ఏడ్వనియ్యి. మాట్లాడు."

"మీరు మాట్లాడండి భాగ్యమ్మగారూ. ఇంక నేను అడ్డు రాను. మీ యాసలోనే, రోజంతా మాట్లాడండి."

"నేను మాట్లాడత. నా ఫికర్ నీకొద్దు. మాపు నేను ఇంటికి పోత గదా, అటెన్క ఎవరు మాట్లాడతరు? ఆదివారం ఎవరు మాట్లాడతరు? నీ బిడ్డ, నువ్వు మాట్లాడు."

షారోన్ టాబ్లెట్ పక్కన పెట్టి పిల్లను ఒళ్లోకి తీసుకున్నది. "హన్నా, లుక్..." అన్నది. ఆగింది. పక్కన ఆర్టీసీ బస్సు నిలబడి ఉన్నది, కిటికీలకెళ్లి ఒక ముసలామె పిల్లను చూసి చెయ్యి ఊపుతున్నది. షారోన్ మళ్ల నోరు తెరిచింది. దినమంత మూడు దేశాలోళ్లతోని ఫోన్‌ల మాట్లాడే మనిషి, పెదవులు కదిలిచ్చి మళ్ల మూసుకున్నది. పిల్ల ఏడుస్తనే ఉన్నది. షారోన్ భాగ్యమ్మ దిక్కు తిరిగింది. ఎగతాళి లేదు, కోపం లేదు, తెల్వక అడుగుతున్నది.

"ఏం మాట్లాడాలండి?"